జులైలో పామ్ స్ప్రింగ్స్‌కి, అదీ అత్తమామలతోనా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉంటాం. మా అత్తగారూ మామగారూ మే నెలలో ఇండియా నుంచి వచ్చారు, అక్టోబరు ఆఖర్లో తిరిగి వెళ్తారు. జులై చివరి వారాంతంలో శుక్రవారం నుంచి సోమవారం దాకా ఎడారిలో ఉన్న పామ్ స్ప్రింగ్స్ వెళ్దామని మావారు పట్టుబడుతున్నారు. మార్చిలో అడిగితే గుండె ఆగేంత రేటు చెప్పిన రిసార్టే ఇప్పుడు సగానికి సగం తగ్గించి ఇస్తోంది. అంత తగ్గించారంటేనే నాకు అనుమానంగా ఉంది. మామగారికి 69 ఏళ్లు, బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటారు. ‘రెంటచింతల ఎండలో తిరిగినవాణ్ణి, నాకు అమెరికా ఎండ ఒక లెక్కా’ అంటున్నారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పాపకి ఆరేళ్లు, దానికి నీళ్లు కనిపిస్తే చాలు. మావారేమో వెళ్తూ వెళ్తూ మధ్యాహ్నం జాషువా ట్రీ పార్కు కూడా చూపించేద్దామంటున్నారు. వెళ్లొచ్చా? వెళ్తే రోజంతా ఏం చెయ్యాలి? వద్దనుకుంటే ఇంట్లో ఎలా చెప్పాలి?
– పేరు రాయొద్దన్న పాఠకురాలు, అర్వైన్

జవాబు: వెళ్లండి. కాకపోతే మూడు రాత్రులు వద్దు, రెండు చాలు. శుక్రవారం బయల్దేరడం మానేసి గురువారం బయల్దేరండి. జాషువా ట్రీ మాత్రం మధ్యాహ్నం పూట వద్దే వద్దు. ఎందుకో ఒక్కొక్కటే చెప్తాను.

ముందు ఆ రేటు సంగతి. అందులో మోసమేమీ లేదు. పామ్ స్ప్రింగ్స్‌కి సీజనంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా. చలికి తట్టుకోలేక ఉత్తరాది రాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ దిగే పెద్దవాళ్లు, ఫిబ్రవరిలో మోడర్నిజం వీక్ అనే భవన నిర్మాణశైలి ఉత్సవం, ఏప్రిల్‌లో కోచెల్లా సంగీతోత్సవం, ఇలా ఆ నాలుగు నెలల్లో హోటళ్లు ఎంత చెప్తే అంతే. జూన్ దాటాక అవే గదులు ఖాళీగా పడి ఉంటాయి కాబట్టి తగ్గించి ఇస్తారు. అయితే ఆ డబ్బుకి మీకు దక్కేది ఒక చల్లటి గది, ఒక పూల్, ఆపైన ఓ కొండ. మార్చిలో వచ్చినవాళ్లు చూసే ఊరు మీకు దొరకదు. వీధుల్లో తిరగడం, సైకిళ్లు తొక్కడం, ఆరుబయట కూర్చుని భోంచెయ్యడం, ఇవన్నీ ఉదయం ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా లేవనే అనుకోండి. గది, పూల్, కొండ మాకు చాలు అనుకుంటే ఈ ప్రయాణం చవకే. ఊరంతా చూపించాలని వెళ్తే ఎంత చవకైనా దండగే. మీవారిని ఈ ఒక్క మాట అడగండి: ‘అమ్మానాన్నలకి ఊరు చూపిద్దామనా, పాపని నీళ్లలో ఆడిద్దామనా?’ ఆయన జవాబుని బట్టి సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

రెండోది మామగారి రెంటచింతల. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఎండలో పుట్టి పెరిగిన ఒంటికి కొంత అలవాటు ఉంటుంది. కానీ ఆ అలవాటు రెండు మూడు వారాలు ఎండకి దూరంగా ఉంటే తగ్గిపోతుంది, ఆయన మే నెల నుంచి అర్వైన్ సముద్రపు గాలిలో ఉన్నారు. పైగా రెండు ఎండలూ ఒక తీరుగా ఉండవు. పల్నాడులో ఒళ్లు చెమటతో తడిసి చొక్కా అంటుకుపోతుంది, ‘అబ్బ, ఇక లోపలికి పోదాం’ అని ఒళ్లే చెప్తుంది. పామ్ స్ప్రింగ్స్‌లో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టీ పట్టకముందే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది. మనిషికి హాయిగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఈలోపు ఒంట్లో నీరు గంటకి లీటరు దాకా పోతూ ఉండొచ్చు. ‘నాకసలు చెమటే పట్టడం లేదు’ అని ఆయన గొప్పగా అన్నప్పుడే మీరు నీళ్లసీసా చేతికివ్వాలి.

అంకెలు కూడా ఆయన ముందు పెట్టండి, సెల్సియస్‌లోకి మార్చి మరీ. జులైలో అక్కడ పగటి సగటే 108 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, అంటే 42 సెల్సియస్. ఇది మామూలు రోజు సంగతి. 2024 జులై 5న 124 నమోదైంది, అంటే 51 సెల్సియస్. ఆ ఊరి చరిత్రలో అదే రికార్డు. అందరూ మర్చిపోయేది రాత్రుల సంగతి. ఎడారి కదా, పొద్దుగూకితే చల్లబడుతుందని అనుకుంటారు. చలికాలంలో నిజమే. జులైలో రాళ్లూ తారూ పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతూనే ఉంటాయి. రాత్రి పదింటికి కూడా 95 చూపిస్తే ఆశ్చర్యపోకండి. కాస్త నయంగా ఉండేది తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా.

బీపీ మాత్రల గురించి బయల్దేరేలోపు ఆయన డాక్టరుతో ఒక్కసారి వాట్సాప్‌లో అయినా మాట్లాడండి. ఆ రెండింటిలో ఒకటి మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర అయితే ఎండలో ఒంట్లో నీరూ ఉప్పూ రెండూ త్వరగా తగ్గిపోతాయి. గుండె వేగాన్ని తగ్గించే రకం అయితే వేడికి తట్టుకోవడానికి గుండె పుంజుకోవలసినంత పుంజుకోదు. అలాగని మీ అంతట మీరు మాత్రలు ఆపెయ్యకండి, అది ఇంకా ప్రమాదం. బీపీ ఉన్నవాళ్లని ఉప్పు తగ్గించమంటారు కాబట్టి ఓఆర్ఎస్ ఎంత తాగొచ్చో కూడా డాక్టర్నే అడగండి. ఇంట్లో చేసిన మజ్జిగ ఐస్ పెట్టెలో వేసుకుని వెళ్తే ఆయన అడక్కుండానే తాగుతారు, నీళ్లు తాగమని వెంటపడే పని మీకు తప్పుతుంది. వట్టి నీళ్లే సీసాల కొద్దీ తాగించడం కూడా మంచిది కాదు. చెమటతో పోయిన ఉప్పు తిరిగి చేరకపోతే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి.

తలనొప్పి, వికారం, కాళ్లు పట్టెయ్యడం, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఏసీలోకి తీసుకొచ్చి పడుకోబెట్టి, మెడకీ చంకలకీ తడి తువ్వాలు పెట్టి, మెల్లగా తాగించాలి. మాట తడబడినా, అడిగినదానికి పొంతనలేని జవాబు చెప్పినా, తూలినా అది వడదెబ్బ. అప్పుడు ఆలోచించకుండా 911కి ఫోన్ చెయ్యాలి, వాళ్లు వచ్చేలోపు ఒంటిమీద నీళ్లు పోస్తూ విసురుతూనే ఉండాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. మీ అత్తమామలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు అర్వైన్‌లో ఏ సొరుగులోనో ఉండిపోతుంది. దాన్ని ఫొటో తీసి అందరి ఫోన్లలోనూ పెట్టండి. పామ్ స్ప్రింగ్స్ ఊళ్లోనే డెజర్ట్ రీజినల్ మెడికల్ సెంటర్ అనే పెద్దాసుపత్రి ఉంది, అత్యవసర విభాగం ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది.

ఇక హోటల్. దీనిమీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పగలంతా మీరు ఉండబోయేది అక్కడే. ముందు ఒక హెచ్చరిక, నవ్వుకోండి గానీ మర్చిపోకండి: పామ్ స్ప్రింగ్స్‌లో చిన్న హోటళ్లు చాలామటుకు పెద్దవాళ్లకి మాత్రమే, పిల్లల్ని రానివ్వరు. కొన్నింట్లో అయితే బట్టలు కట్టుకోవడం కూడా మీ ఇష్టం. ఫొటోలో పూల్ అందంగా ఉందని నొక్కేసి, తీరా అత్తగారితో గేటు దాకా వెళ్లాక తెలుసుకుంటే బాగుండదు. బుక్ చేసే ముందు ‘ఆరేళ్ల పిల్ల ఉంది’ అని ఫోన్ చేసి చెప్పండి. ఆ ఫోన్లోనే ఇంకొన్ని అడగాలి. పూల్ నీళ్లని వేసవిలో చల్లబరుస్తారా? ఇది వెర్రి ప్రశ్న అనుకోకండి. రోజంతా ఎండలో ఉన్న చిన్న పూల్‌లో నీళ్లు సాయంత్రానికి గోరువెచ్చగా అయిపోతాయి, దిగితే హాయి ఉండదు. అందుకని కొన్ని రిసార్టులు నీళ్లని చల్లబరిచే యంత్రాలు పెట్టుకున్నాయి. పూల్ చుట్టూ నీడ ఉందా, గొడుగులు ముందే వచ్చినవాళ్లకా లేక అద్దెకా? రాత్రి ఎన్నింటి దాకా తెరిచి ఉంచుతారు? పదింటిదాకా ఉంచే చోటయితే మీ పాపకి అదే అసలైన ఆటసమయం. హోటల్లో రెస్టారెంటు ఆ వారం నడుస్తుందా? వేసవిలో, ముఖ్యంగా ఆగస్టులో, ఆ ఊళ్లో కొన్ని హోటళ్లూ దుకాణాలూ సెలవు పెట్టుకుని మూసేస్తారు.

చూపించిన రేటుకి పార్కింగు, ఊరి పన్ను కలవొచ్చు. రూములో గడిపేది రెండు రాత్రులే అయినా మొత్తం ఎంతో చివరి పేజీలోనే చూసి పోల్చుకోండి, మొదటి పేజీలో కనిపించే అంకెని నమ్మకండి. వీలైతే చిన్న వంటగది ఉన్న సూట్ తీసుకోండి. రైస్ కుక్కర్ ఒకటి, పెరుగు డబ్బా ఒకటి డిక్కీలో పడేస్తే మధ్యాహ్నం ఎండలో భోజనానికి ఎవరూ బయటికి వెళ్లక్కర్లేదు. మీవారు అద్దె ఇల్లు తీసుకుందామంటారేమో. చలికాలంలో అయితే నేనూ అదే అంటాను. జులైలో మాత్రం హోటలే. అద్దె ఇంట్లో ఉండేది సాధారణంగా ఒకటే ఏసీ యంత్రం, అది శుక్రవారం సాయంత్రం ఆగిపోతే మెకానిక్ దొరికేదాకా ఇల్లంతా కొలిమే. హోటల్లో అయితే వేరే గదికి మారుస్తారు.

గురువారం ఎందుకంటే, ఒకటి, శుక్రవారం సాయంత్రం 91 ఫ్రీవే మీద మీరు గడపబోయే గంటలు మిగులుతాయి. రెండు, గురువారం రాత్రి రేటు ఇంకాస్త తక్కువ. మూడు, గురువారం సాయంత్రాలే పామ్ కెన్యన్ డ్రైవ్‌లో కార్లు ఆపేసి విలేజ్‌ఫెస్ట్ అనే వీధి సంత పెడతారు, వేసవిలో ఏడింటికి మొదలవుతుంది. ఆ వారం ఉందో లేదో ఒక్కసారి చూసుకోండి. మధ్యాహ్నం రెండింటిలోపు బయల్దేరితే పొద్దుండగానే చేరతారు. దారిలో శాన్ గోర్గోనియో కనుమ దగ్గర కొండల మీదా మైదానంలోనూ వందల కొద్దీ గాలిమరలు కనిపిస్తాయి, పాపకి అదే ఊరొచ్చిందన్న గుర్తు. ఇంకో సంగతి. ఊరికి పడమటి వైపు శాన్ హసింటో కొండ నిలువుగా, గోడలా లేచి ఉంటుంది. ఎత్తు 10,834 అడుగులు. అందుకని పంచాంగంలో సూర్యాస్తమయం ఎనిమిదింటికి అని ఉన్నా, కొండ కింది వీధుల్లో అంతకు చాలా ముందే ఎండ తప్పుకుంటుంది. ఊరికి తూర్పున ఉన్న పామ్ డెజర్ట్, ఇండియో లాంటి చోట్ల ఆ నీడ అంత తొందరగా రాదు. రేటు కాస్త ఎక్కువైనా కొండకి దగ్గరగా ఉన్న హోటల్ తీసుకోమనేది అందుకే.

శుక్రవారం పొద్దున అయిదింటికే లేవండి. మామగారు ఎలాగూ లేస్తారు. ఇండియన్ కెన్యన్స్ అనే లోయలు వేసవిలో, అంటే జులై నుంచి అక్టోబరు మొదటి దాకా, శుక్ర శని ఆదివారాలు మాత్రమే తెరుస్తారు, ఉదయం ఎనిమిదింటికి. అవి అగువా కాలియెంటె అనే కహువియా తెగవాళ్ల భూములు, టికెట్టూ నిబంధనలూ వాళ్లవే. ఊరి చరిత్రలో ఓ వింత ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా ప్రభుత్వం ఇక్కడి నేలని చదరంగం గళ్లలా విడదీసి, ఒక గడి రైలు కంపెనీకి, ఒక గడి ఆ తెగకి ఇచ్చింది. అందుకే ఇవాళ్టికీ ఊళ్లో చాలా ఇళ్లూ హోటళ్లూ ఆ తెగ దగ్గర కౌలుకి తీసుకున్న నేల మీదే ఉన్నాయి. పొలాల లెక్కలు తెలిసిన మామగారికి ఇది చెప్పి చూడండి, గంటసేపు మాట్లాడతారు.

లోయలో చూడవలసింది ఫ్యాన్ పామ్ చెట్లు. ఇవి ఈ ఎడారిలో సహజంగా పెరిగినవి. ఎండిన ఆకులు రాలిపోకుండా మాను చుట్టూ కిందిదాకా లంగాలా వేలాడుతుంటాయి, వాటి మొదట్లో సన్నని వాగు. ఆండ్రియాస్ కెన్యన్‌లో వాగు పక్కనే ఒక మైలు చుట్టు దారి ఉంది. అందులో నీడ ఉన్నంత మేర నడిచి వెనక్కి వచ్చెయ్యండి. అత్తగారు మొదట్లోనే చెట్టు కింద బల్ల మీద కూర్చోవచ్చు. తొమ్మిదిన్నరకి కారులో ఉండాలి, ‘ఇంకొంచెం’ అన్న మాట ఎవరి నోటా వినకూడదు.

ఆ తర్వాత కొండ. ఈ ప్రయాణంలో డబ్బు పెట్టదగిన చోటు ఏదైనా ఉందంటే అదే. పామ్ స్ప్రింగ్స్ ఏరియల్ ట్రామ్‌వే, అంటే తీగల మీద కొండెక్కే రోప్‌వే, 1963లో మొదలైంది. మొదటి స్తంభం దగ్గరికి తప్ప మిగతా నాలుగింటి దగ్గరికీ దారే లేక సామానంతా హెలికాప్టర్లతో మోసి కట్టారు. కింద స్టేషన్ 2,643 అడుగుల ఎత్తులో, పైది 8,516 అడుగుల ఎత్తులో ఉంటాయి. పది నిమిషాలు పడుతుంది. ఎక్కగానే పాప కిటికీ పక్కనే నిలబడతానని పేచీ పెడుతుంది. పెట్టనివ్వండి. పెట్టె లోపలి నేల నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, అందరికీ అన్ని వైపులా కనిపిస్తాయి. ఒక్కో స్తంభం దాటేటప్పుడు పెట్టె ఊయలలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది, లోపలున్న ఎనభై మందీ ఒక్కసారిగా ‘ఓ’ అంటారు. అత్తగారికి ముందే చెప్పి పట్టుకోవడానికి కడ్డీ చూపించండి. పైన కింది కంటే 30 నుంచి 40 డిగ్రీలు తక్కువగా ఉంటుంది. కింద 108 ఉన్నప్పుడు పైన 70 దగ్గర, పైన్ చెట్ల గాలి. జులై నెలలో శాలువా తీసుకెళ్లమంటే నవ్వుతారు, కానీ సాయంత్రం అయ్యేసరికి అడుగుతారు.

అక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, పది నిమిషాల్లో దాదాపు ఆరువేల అడుగులు పైకి వెళ్తారు, కాబట్టి మామగారికి మెట్లెక్కితే ఆయాసం రావొచ్చు. మొదటి అరగంట కూర్చుని కాఫీ తాగించండి. రెండు, పై స్టేషన్ వెనక నుంచి లాంగ్ వ్యాలీ అనే అడవి మైదానానికి దిగే దారి బాగా వాలుగా ఉంటుంది. దిగడం సరదాగానే ఉంటుంది, మళ్లీ ఎక్కడమే మోకాళ్లకి పరీక్ష. అత్తగారిని స్టేషన్ వరండాలోనే ఉంచండి, లోయంతా అక్కడి నుంచే కనిపిస్తుంది. మీరూ పాపా దిగి రండి. ట్రామ్‌వేని ఏటా కొన్నాళ్లు మరమ్మతుల కోసం ఆపుతారు, మామూలుగా సెప్టెంబరులో. జులైలో ఇబ్బంది ఉండదు గానీ, టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. స్టేషన్ దాకా కారు దారి నిటారుగా ఎక్కుతుంది, ఇంజిన్ వేడి ముల్లు మీద ఓ కన్నేసి ఉంచండి. పదకొండింటికి ఎక్కి నాలుగైదింటికి దిగితే పగటి ఎండ మొత్తం పైనే గడిచిపోతుంది. దిగి, హోటల్‌కి వెళ్లి, ఓ కునుకు తీసి, కొండ నీడ పడ్డాక పూల్‌లోకి దిగండి. పూల్ చుట్టూ ఉన్న సిమెంటు అప్పటికీ కాలుతూనే ఉంటుంది, పాపని చెప్పులు లేకుండా గది నుంచి పరిగెత్తనివ్వకండి. పిల్లల పాదాలు బొబ్బలెక్కేది అక్కడే.

శనివారం మధ్యాహ్నానికి రెండు చోట్లు. మామగారికి పామ్ స్ప్రింగ్స్ ఎయిర్ మ్యూజియం, విమానాశ్రయం పక్కనే. రెండో ప్రపంచయుద్ధం, కొరియా, వియత్నాం నాటి విమానాలు ఏసీ షెడ్లలో ఉంటాయి, దగ్గరగా వెళ్లి చూడనిస్తారు. అత్తగారికి 2023లో తెరిచిన అగువా కాలియెంటె కల్చరల్ మ్యూజియం. ఊరి నడిబొడ్డున ఉంది, కూర్చోవడానికి వీలుగా ఉంటుంది. ఆ పక్కనే వాళ్ల వేడినీటి ఊట మీద కట్టిన స్పా కూడా ఉంది. ఎంతో పేరున్నదే, కానీ జులైలో వేడినీళ్లలో కూర్చోమని నేనైతే ఎవరికీ చెప్పను. లివింగ్ డెజర్ట్ జూ గురించి అడుగుతారేమో. వేసవిలో పొద్దున్నే తెరిచి మధ్యాహ్నానికల్లా మూసేస్తారు. పాప పొద్దున ఏడింటికి తయారయ్యే పిల్ల అయితేనే పెట్టుకోండి. తిరుగుదారి కాకపోయినా ఖర్జూరం మిల్క్‌షేక్ కోసం ఇండియో దాకా వెళ్లడం ఈ ప్రాంతంలో ఓ ఆచారం. ఆ లోయలో ఖర్జూరపు తోటలు వందేళ్ల నాటివి, షీల్డ్స్ అనే తోట 1924 నుంచి ఉంది. షుగర్ ఉన్నవాళ్లు ఒక గుక్కతో ఆపాలి. సాల్టన్ సీ అనే ఉప్పునీటి సరస్సు మాత్రం వదిలెయ్యండి, వేసవిలో ఆ నీటి వాసనకి కారు అద్దం దించలేరు.

ఇప్పుడు జాషువా ట్రీ. మీవారికి నా మాటగా చెప్పండి. పార్కు లోపల దాదాపు ఎక్కడా తాగే నీళ్లు లేవు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ లేదు, నీడ అంతకన్నా లేదు. జాషువా చెట్టు పేరుకే చెట్టు, దాని కింద నిలబడ్డా సరిపడా నీడ దొరకదు. మధ్యాహ్నం రెండింటికి అక్కడ టైరు పంక్చరైతే కారులో అరవై తొమ్మిదేళ్ల ఆయన, మోకాళ్ల నొప్పుల ఆవిడ, ఆరేళ్ల పిల్ల ఉంటారు. ఇంత చెప్పినా చూడాలనిపిస్తే సాయంత్రం ఆరున్నర దాటాక వెళ్లండి. పడమటి గేటు పామ్ స్ప్రింగ్స్ నుంచి గంటలోపే. కారుకి 30 డాలర్ల టికెట్ ఏడు రోజులు పనిచేస్తుంది. కీస్ వ్యూ అనే చోటు 5,000 అడుగుల పైన ఉంటుంది, కారు దిగి నాలుగడుగులు వేస్తే లోయంతా కనిపిస్తుంది, లోయ కంటే చల్లగా కూడా ఉంటుంది. చీకటి పడ్డాక అక్కడే కారు పక్కన నిలబడి తల ఎత్తితే చాలు. అమావాస్య దగ్గరగా పడితే పాలపుంత స్పష్టంగా కనిపిస్తుంది, మామగారు సప్తర్షులని మనవరాలికి చూపిస్తారు. మనిషికి ఒక గాలన్ చొప్పున నీళ్లు, నిండా పెట్రోలు, ఫోన్‌లో ముందే దింపుకున్న మ్యాపు తప్పనిసరి. కొండ వాగుల వైపు నడకలు వద్దు. మీవారికి నడవాలనే ఉంటే తెల్లవారుజామున ఒక్కరే వెళ్లి తొమ్మిదికల్లా వచ్చెయ్యమనండి, ఏ దారిలో వెళ్తున్నారో మీకు చెప్పి మరీ.

కారు సంగతి క్లుప్తంగా: బయల్దేరే వారం ముందు కూలెంటు, బ్యాటరీ, టైర్లలో గాలి చూపించండి. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ ఇలాంటి ఎండలోనే చెయ్యిస్తుంది. అద్దానికి అడ్డం పెట్టే వెండిరంగు అట్ట తీసుకెళ్లండి. పాప కారు సీటు బకిల్‌ని చేత్తో తాకి చూశాకే పెట్టండి. పాపని గానీ, పెద్దవాళ్లని గానీ ‘రెండు నిమిషాలే’ అని కారులో వదిలి దిగకండి. మందులు కారులో వదలకూడదు. ఫోన్‌ని అద్దం ముందు పెట్టి మ్యాపు నడిపితే వేడెక్కి ఆగిపోతుంది, ఏసీ గాలి తగిలే చోట పెట్టండి.

జులై చివరంటే అక్కడ మాన్సూన్ రోజులు కూడా. మన దగ్గర లాగా కుండపోతగా కురుస్తుందని కాదు. దక్షిణం నుంచి తేమ వచ్చి గాలి ఉక్కగా మారుతుంది, పొడి ఎండ అన్న ఆ ఒక్క సుఖం కూడా పోతుంది. ఎప్పుడైనా కొండల మీద గట్టిగా కురిస్తే ఎండిపోయిన వాగుల్లో ఉన్నట్టుండి వరద వస్తుంది. 2023 ఆగస్టులో హిలరీ తుపాను వచ్చినప్పుడు ఇంటర్‌స్టేట్ 10 కూడా మునిగి ఊరికి రాకపోకలు ఆగిపోయాయి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఎంత లోతో చూద్దామని కారు దింపకండి.

ఇంట్లో ఎలా చెప్పాలన్నారు. వద్దని చెప్పకండి. రద్దు చేసుకునే వీలున్న గదినే బుక్ చెయ్యండి, పది ఇరవై డాలర్లు ఎక్కువైనా సరే. ఉచితంగా రద్దు చేసుకునే గడువు చాలా హోటళ్లలో ఒకటి రెండు రోజుల ముందు ముగుస్తుంది, కొన్ని మూడు రోజులంటాయి, అది రాసి ఉంచుకోండి. ఆ గడువు రోజున నేషనల్ వెదర్ సర్వీస్ పేజీ తెరిచి మామగారికే చూపించండి. 110 లోపు ఉంటే వెళ్లండి. 110 నుంచి 115 దాకా అయితే కొండా పూలూ మాత్రమే, పొద్దుటి లోయ నడక కొట్టెయ్యండి. 115 దాటినా, ఎక్స్‌ట్రీమ్ హీట్ వార్నింగ్ (తీవ్రమైన ఎండ హెచ్చరిక) అని కనిపించినా రద్దు చేసెయ్యండి. ఈ హద్దులు నావే, మీ ఇంట్లో వయసులూ మాత్రలూ చూసి పెట్టినవి. పాతికేళ్ల స్నేహితులు నలుగురు వెళ్తుంటే వేరేగా చెప్పేవాణ్ణి. రద్దు అయితే అదే వారాంతానికి ఐడిల్‌వైల్డ్ చూడండి. అదే కొండకి అవతలి వైపు 5,400 అడుగుల ఎత్తులో ఉన్న చిన్న ఊరు, నిండా పైన్ చెట్లు. మలుపులు ఎక్కువ కాబట్టి అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి.

మీ అత్తమామలు అక్టోబరు ఆఖరు దాకా ఉంటారని మీరే రాశారు. అక్టోబరు మూడో వారానికి పామ్ స్ప్రింగ్స్‌లో పగలు 90 దగ్గరికి దిగుతుంది, పొద్దునా సాయంత్రం హాయిగా నడవొచ్చు. రేటు జులై అంత తక్కువ ఉండదు, మార్చి అంత ఎక్కువా ఉండదు. కొత్త ఖర్జూరాలు కూడా అప్పటికే వస్తాయి. ఊరే చూపించాలని మీవారి పట్టుదలైతే, బడి పోకుండా శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం దాకా ఆ వారానికి ఇప్పుడే ఒక గది పట్టి ఉంచండి.